సర్కారు కిటికీ ముందు దళారీ కిటికీ

ఈ మూడు నెలల్లో మా కార్యాలయానికి వచ్చిన స్త్రీల సమస్యలు నమోదు చేసే పుస్తకం తిరగేస్తుంటే, ఇదివరకు ప్రత్యేకంగా పట్టించుకోని ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపించింది. వచ్చినవాళ్లు దాని మీద ఫిర్యాదు చేయడానికి రాలేదు. భరణం గురించో, రేషన్ కార్డు గురించో, పిల్లల చదువు గురించో వచ్చారు. మాటల మధ్యలో "ఆన్‌లైన్‌లో కట్టేశామమ్మా" అన్నారు. ఎవరికి కట్టారని అడిగితే "గవర్నమెంటుకే" అన్నారు. ఫోను తీసి చూపిస్తే అది గవర్నమెంటు కాదు.

వాళ్లలో ఒకామె సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కడప వైపు పల్లె. ముప్పై నాలుగేళ్లు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. భర్త దెబ్బలకు తట్టుకోలేక నాలుగేళ్ల కిందట కొడుకును వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న పిన్నమ్మ కూతురు "ముందు పాస్‌పోర్టు చేయించుకో, తక్కింది తర్వాత చూద్దాం" అంది. ఇంటర్ చదువుతున్న అన్న కొడుకు ఫోనులో పాస్‌పోర్టు అని కొట్టి, అన్నిటికంటే పైన వచ్చినదాన్ని నొక్కాడు. నీలం రంగు పేజీ, పైన మూడు రంగుల గీత, "సేవ" అనే మాట, పాస్‌పోర్టు బొమ్మ. అనుమానం రావడానికి అందులో ఏముంది? పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఆధార్, ఫోను నంబరు అన్నీ ఇచ్చి, చివర మూడు వేల అయిదు వందలు కట్టారు. డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పులోంచి కట్టిన డబ్బది.

మర్నాడు ఒకతను ఫోను చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, మీరు పెళ్లయిందని రాశారు. మీ హస్బెండ్ ఆధార్ కార్డు, ఆయన సంతకం పెట్టిన కాగితం కావాలి, లేకపోతే ఫైలు ఆగిపోతుంది. కుదరకపోతే ఇంకో రెండు వేలు కట్టండి, మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ రెండు వేలు ఆమె దగ్గర లేవు. అందుకని నాలుగేళ్లుగా గడప తొక్కని ఆ ఊరికి బస్సెక్కి వెళ్లింది. సంతకం పెట్టమని అతన్ని అడిగింది. సంతకం దొరకలేదు సరికదా, ఆమె దేశం దాటిపోబోతోందన్న కబురు అతనికి ఆమె చేతులారా అందించినట్టయింది. రెండు రోజుల తర్వాత అతను తాగి వచ్చి వాళ్లమ్మ ఇంటి ముందు వీధంతా వినబడేలా గొడవ చేశాడు. కొడుకును తీసుకుపోతానన్నాడు. ఆమె మా దగ్గరికి వచ్చింది ఆ భయంతో, పిల్లవాడి గురించి. పాస్‌పోర్టు సంగతి మేం గుచ్చి గుచ్చి అడిగితే బయటికి వచ్చింది.

"వాని సంతకం లేకుంటే గవర్నమెంటోళ్లు ఇయ్యరంట గదక్కా" అంది.

నిబంధనలు అలా చెప్పవు. 2016 డిసెంబర్‌లో విదేశాంగ శాఖ ప్రకటించిన మార్పుల ప్రకారం పెళ్లయిన స్త్రీ పాస్‌పోర్టు కోసం వివాహ ధ్రువపత్రం ఇవ్వనక్కర్లేదు. విడాకులు తీసుకున్నవారు, విడిగా ఉంటున్నవారు భర్త పేరు రాయనక్కర్లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఇచ్చినా చాలు. అర్జీలో విడిగా ఉంటున్నవారి కోసం వేరే గడే ఉంది. తండ్రి సమ్మతి దొరకనప్పుడు బిడ్డ పాస్‌పోర్టుకు తల్లి ఒక్కతే సంతకం చేసి ఇచ్చే ప్రకటన పత్రం కూడా ఉంది. దాన్ని ‘అనెక్సర్ సి’ అంటారు. ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఒంటరి తల్లులు, విడిపోయిన స్త్రీలు ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగి అడిగితే వచ్చినవి. భార్య పాస్‌పోర్టు తీసుకోవడానికి భర్త అనుమతి గాని, సంతకం గాని అవసరం లేదని 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు స్పష్టం చేసింది. పెళ్లయిన స్త్రీని భర్త సొత్తుగా చూసే ఆలోచనను గట్టిగానే తప్పుపట్టింది. అయితే ఒకటి గమనించాలి. ఆ కేసులో భర్త సంతకం తెమ్మన్నది దళారీ కాదు, సాక్షాత్తూ పాస్‌పోర్టు కార్యాలయమే! అందుకే దళారీ చెప్పే అబద్ధం మన స్త్రీలకు అబద్ధంలా వినిపించదు. పుట్టినప్పటి నుంచి ప్రతి కాగితం మీదా తండ్రి పేరో, భర్త పేరో రాస్తూ వచ్చిన మనిషికి "మీవారి సంతకం కావాలి" అంటే అందులో వింతేముంటుంది?

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్లకు 36 పేజీల మామూలు పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే ఇంకో 2,000. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు 1,000. పోలీసు విచారణకు ఫీజు లేదు. ఫోనులో నింపడం చేతకాకపోతే కామన్ సర్వీస్ సెంటర్లో 100 రూపాయలకు అర్జీ నింపి, అపాయింట్‌మెంటు తీసి ఇవ్వాలన్నది ఏర్పాటు. ఆమె కట్టిన 3,500లో ఒక్క రూపాయి కూడా ప్రభుత్వానికి చేరలేదు. అసలు సైటులో ఆమె పేరు మీద ఏ అర్జీ నమోదు కాలేదు. ఆ 1,500 ఇంకా కట్టవలసే ఉంది.

ఇలాంటి వెబ్‌సైట్ల గురించి మాట్లాడినప్పుడల్లా పత్రికలు "ఇన్ని వేలు పోగొట్టుకుంది" అని రాస్తాయి. వేలు పోవడం చిన్న విషయం కాదు, కూలి చేసుకునే మనిషికి అది నెల తిండి. కానీ ఈమె విషయంలో అసలు నష్టం మూడు వేల అయిదు వందలు కాదు. చట్టం తీసేసిన ఒక షరతును ఒక దొంగ పేజీ తిరిగి తెచ్చి ఆమె నెత్తిన పెట్టింది. తప్పించుకు వచ్చిన మనిషిని మళ్లీ అతని గుమ్మం దాకా నడిపించింది. ఈ లెక్క ఏ ఫిర్యాదు పత్రంలోనూ రాయడానికి గడి ఉండదు.

ఈ దుకాణాలు నడిచే తీరు తెలుసుకోవాలి. వీటిలో కొన్ని పచ్చి మోసాలు. డబ్బు పుచ్చుకుని మాయమవుతాయి. చాలావరకు అలా కాదు, అంతకంటే తెలివైనవి. పాస్‌పోర్టు, ఇండియా, సేవ, పోర్టల్, అప్లై అనే నాలుగైదు మాటలను అటూ ఇటూ మార్చి పేరు పెట్టుకుంటాయి. అసలు సైటు రంగులు, అక్షరాలు, వరసలు అలాగే దించుతాయి. పేజీ అట్టడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో "మాది ప్రైవేటు కన్సల్టెన్సీ, ప్రభుత్వంతో సంబంధం లేదు, మా రుసుము ప్రభుత్వ రుసుముకు అదనం" అని ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్క మనం చదవాలని రాసింది కాదు. రేపు పోలీసు అడిగితే చూపించడానికి రాసింది. డబ్బు తీసుకుని మరొకరి అర్జీ నింపిపెట్టడం దానంతట అది నేరం కాదు కదా! నేరమల్లా మేమే సర్కారు అని నమ్మించడంలో ఉంది. ఆ నమ్మించడం రంగులతో, బొమ్మలతో, పేరుతో జరుగుతుంది. తప్పించుకోవడం మాత్రం అట్టడుగు అక్షరాలతో జరుగుతుంది.

ఇవి అన్నిటికంటే పైన ఎలా కనిపిస్తాయి? డబ్బు కట్టి కనిపిస్తాయి. గూగుల్‌లో వెతికినప్పుడు మొదట వచ్చేవి చాలాసార్లు ప్రకటనలు. పక్కన "స్పాన్సర్డ్" అని చిన్నగా ఉంటుంది. ప్రభుత్వం నేరుగా ఇచ్చే పత్రాలకు, సేవలకు ప్రైవేటువాళ్ల ప్రకటనలు తీసుకోబోమని ఆ కంపెనీయే నియమం పెట్టుకుంది. అయినా సందుల్లోంచి దూరి వచ్చేవి వస్తూనే ఉన్నాయి. విదేశాంగ శాఖ తన పాస్‌పోర్టు సైటులో హెచ్చరిక పెట్టింది: దొంగ సైట్లు, దొంగ యాప్‌లు అర్జీ నింపడానికి, అపాయింట్‌మెంటుకు పెద్ద మొత్తాలు గుంజుతున్నాయి, వివరాలు సేకరిస్తున్నాయి, నమ్మకండి అని. మంచిదే. కానీ దొంగ సైటుకు పోయిన స్త్రీకి అసలు సైటులో అంటించిన హెచ్చరిక ఎలా కనిపిస్తుంది? అదేదో ఊళ్లో తప్పిపోయిన మనిషి కోసం ఆమె ఇంట్లోనే చీటీ పెట్టినట్టుంది.

మా తరంవాళ్లకు దళారీ కొత్త కాదు. తాలూకా కచేరీ ముందు వేపచెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసేవాడు ఒకడుండేవాడు. అయిదో పదో తీసుకునేవాడు. అతను మంచివాడని చెప్పడం లేదు. లోపలి గుమాస్తాతో అతనికి వాటా ఉండేది. కానీ అతనికి ఒక ముఖం ఉండేది. అర్జీ తప్పు రాస్తే మర్నాడు వెళ్లి "ఏమయ్యా, ఇదేనా నువ్వు రాసింది?" అని నలుగురిలో నిలదీయడానికి వీలుండేది. దళారీలు లేకుండా చేస్తామని చెప్పే 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ తెచ్చారు. వాటివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం కచేరీ మెట్ల మీద పడిగాపులు పడడం చాలావరకు తగ్గింది. కానీ కిటికీలు ఒక్కొక్కటిగా ఫోనులోకి వెళ్లిపోతూ వచ్చాయి. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది, పురుషులు 48.8 మంది. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉంటాయి, కాదనం. కానీ ఆన్‌లైన్‌లో కాగితం పెట్టే పని వచ్చేసరికి స్త్రీ ఇప్పటికీ కొడుకు చేతిలోనో, మరిది చేతిలోనో, నెట్ సెంటర్ కుర్రాడి చేతిలోనో తన వివరాలు పెడుతోంది. ఆ చేయి ఏది నొక్కితే అదే ఆమె అర్జీ.

స్త్రీల పేరుతో పథకం ప్రకటించిన ప్రతిసారీ ఈ బజారు లేస్తుంది. 2015 జనవరిలో ‘బేటీ బచావో బేటీ పఢావో’ మొదలైంది. కొద్దికాలానికే ఉత్తరప్రదేశ్, హర్యానా, ఉత్తరాఖండ్, పంజాబ్, బీహార్ రాష్ట్రాల్లో దొంగ ఫారాలు అమ్మకానికి వచ్చాయి. 8 నుంచి 32 ఏళ్ల లోపు ఆడపిల్లలకు రెండు లక్షల రూపాయలు ఇస్తారని చెప్పి ఆ ఫారాలు అమ్మారు. తల్లులు డబ్బిచ్చి కొన్నారు, నింపారు, ఢిల్లీలోని స్త్రీ శిశు అభివృద్ధి శాఖకు పోస్టులో పంపారు. ఆ పథకంలో వ్యక్తులకు నగదు ఇచ్చే అంశమే లేదు! ఆ సంగతి శాఖ 2017లో మళ్లీ మళ్లీ ప్రకటించవలసి వచ్చింది, విషయం సీబీఐ దాకా వెళ్లింది. మన దగ్గర 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు తెలంగాణలో ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఉచితంగా ఇవ్వవలసిన ఫారం జిరాక్సు షాపుల్లో డబ్బుకు అమ్ముడైంది. అమ్మేవాళ్లపై చర్య తీసుకోమని ముఖ్యమంత్రే అధికారులకు చెప్పవలసి వచ్చింది. చలిలో పిల్లల్ని చంకనేసుకుని వరసల్లో నిలబడింది ఎవరో మనందరం చూశాం.

అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ నమోదు ఉచితం. అయినా ఆ కార్డు కోసం ఇళ్లలో పనిచేసే స్త్రీలు డబ్బు ఇచ్చామని చెబుతున్నారు. ఆధార్ కొత్తగా నమోదు చేయించుకోవడం ఉచితం. ఆధార్‌ను ప్లాస్టిక్ మీద అచ్చు వేసి ‘స్మార్ట్ కార్డు’ అని 50 నుంచి 300 రూపాయల దాకా తీసుకుంటున్నారని, అటువంటి కార్డు అవసరమే లేదని ఆధార్ సంస్థ 2018లో ప్రకటించింది. అంతకు ఏడాది ముందే ఆధార్ సేవల పేరుతో డబ్బు తీసుకుంటున్న 12 వెబ్‌సైట్లను, 12 యాప్‌లను మూయించింది కూడా. ఆధార్ ఉన్నవారికి ఆదాయపు పన్ను శాఖ సైటులో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది. ఒంటరి తల్లి పెంచిన బిడ్డ పాన్ కోసం తండ్రి పేరు రాయనక్కర్లేదని 2018 డిసెంబర్‌లోనే నిబంధన మారింది. ఈ చివరి సంగతి మన కార్యకర్తల్లో ఎంతమందికి తెలుసు? మాకే ఈ మధ్యదాకా తెలియదు. ఒప్పుకోవడానికి సిగ్గుపడడం లేదు.

మళ్లీ కడప సోదరి దగ్గరికి వద్దాం. ఆమె ఆ పేజీలో ఇచ్చినవి ఏమిటి? పేరు, వయసు, చదువు, ఊరు, ఫోను నంబరు, ఎందుకు పాస్‌పోర్టు కావాలన్న సంగతి. వారం తిరక్కుండా ఇద్దరు ఏజెంట్లు ఆమెకు ఫోను చేశారు: విజిట్ వీసా మీద పంపిస్తాం, జీతం ఇంత, ముందు ఇంత కట్టాలి అని. ఆ నంబరు వాళ్లకు ఎక్కడ దొరికిందో రుజువు చేయలేం, కానీ అనుమానించకుండా ఎలా ఉంటాం? పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టుపై ఎమిగ్రేషన్ పరిశీలన అవసరమన్న గుర్తు ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుతో కువైట్ సహా 18 దేశాలకు పనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండి ఉండాలి. 2016 ఆగస్టు నుంచి అలాంటి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపడానికి వీల్లేదు, ప్రభుత్వ నియామక సంస్థలే పంపాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ అటువంటి ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీలు ఉన్నాయి. ఈ ఆంక్షలు స్త్రీలను కాపాడుతున్నాయా, దొంగదారి పట్టిస్తున్నాయా అన్న చర్చ మన ఉద్యమంలో ఉంది. దాని మీద ఇంకోసారి రాయాలి. కానీ విజిట్ వీసా మీద పోయిన స్త్రీకి అక్కడ కార్మికురాలిగా గుర్తింపు ఉండదు, జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా చూపించడానికి ఒప్పందం కాగితం ఉండదు. దొంగ పేజీలో నింపిన నాలుగు గడులు ఆమెను అంత దూరం తీసుకుపోగలవు.

మరి ఎలా గుర్తించాలి? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాల్లో సారా గురించిన పాఠం చదువుకున్న స్త్రీలు సారా దుకాణాలు మూయించారు. ఇప్పుడు సంఘ సమావేశాల్లో చెప్పవలసిన పాఠం ఒకే ఒక గీత పొడవు ఉంటుంది: ఫోనులో పేజీ పైన కనిపించే చిరునామా. రంగులు చూడొద్దు, బొమ్మలు చూడొద్దు, ఆ గీత చదవండి. మొదటి అడ్డగీత దగ్గర ఆగి, దానికి ముందు జి-ఓ-వి, చుక్క, ఐ-ఎన్ అని ఉందా చూడండి. లేదా ఎన్-ఐ-సి, చుక్క, ఐ-ఎన్. ఈ రెండు చివరలూ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, డబ్బు పెట్టి కొనుక్కోవడానికి దొరకవు. ఉత్త ‘ఇన్’, ‘ఆర్గ్’, ‘కామ్’ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇంగ్లీషు రాని స్త్రీ ఈ అయిదు అక్షరాలను బొమ్మల్లా గుర్తుపట్టగలదు. బస్సు నంబరు గుర్తుపట్టడం లేదూ? ఒక పాత పేపరు వెనక పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. పాన్ కార్డు పనిని ప్రభుత్వమే అప్పగించిన రెండు సంస్థల సైట్లు, రైలు టికెట్ల సైటు ఈ అక్షరాలతో ముగియవు. కాబట్టి "గవ్ లేకపోతే దొంగే" అని బోధించి స్త్రీలను కంగారు పెట్టొద్దు. శాఖ అసలు సైటులోకి వెళ్లి, అక్కడున్న లింకు పట్టుకుని బయటి సంస్థకు వెళ్లడం నేర్పాలి. వెతికి దొరికిన దాన్ని నొక్కడం మాన్పించాలి. ఫోనులో యాప్ అయితే, కింద ఆ యాప్ తయారుచేసినవాళ్ల పేరు చదవాలి. ఇంకో మాట. ఏ పేజీ అయినా ఫీజు ఎంతో చెప్పకుండా మొదట ఫోను నంబరు అడిగితే అక్కడే ఆగిపోవాలి. అడుగుతున్నది అర్జీ కోసం కాదు, తర్వాత చేసే ఫోను కోసం.

ఇక మన సంగతి. ఈ రాతలో దళారీని, కంపెనీని, ప్రభుత్వాన్ని తిట్టాం. మన సంస్థల్లో జరుగుతున్నది కూడా చెప్పుకోవాలి. ఒక సంస్థలో నలభై మంది స్త్రీల అర్జీలకు ఒకే కార్యకర్త ఫోను నంబరు ఇచ్చారు. పని తేలికవుతుందని, ఓటీపీ కోసం పరుగెత్తనక్కర్లేదని. ఆ అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది, నంబరు మారింది. ఆ నలభై మందికీ తమ అర్జీ ఏమైందో చూసుకునే దారి మూసుకుపోయింది. ఇందులో దొంగ ఎవరూ లేరు. మంచి మనసుతో చేసిన పనే. కానీ స్త్రీ కాగితానికి, ఆ స్త్రీకి మధ్య మనమే ఒక కిటికీ కట్టి కూర్చున్నాం. "మీకెందుకక్కా, మేం చూసుకుంటాం" అనే మాట మన నోట కూడా వస్తోంది. దొంగ సైటు కుర్రాడు అన్నదీ అదే మాట. ఒక అర్జీ ఆమె పక్కన కూర్చుని, ఆమె వేలితో నొక్కించి నింపడానికి గంటన్నర పడుతుంది. మనం నింపితే పది నిమిషాలు. ఆ గంటన్నర మన పనిలో భాగమని నిధులిచ్చేవాళ్ల నివేదికలో రాయడానికి చోటు లేకపోవచ్చు, అయినా ఆ గంటన్నర పెట్టాలి. సొంత ఫోను లేని స్త్రీకి నంబరు ఇవ్వవలసి వస్తే, ఎవరిది ఇచ్చామో ఆమె చేతిలోని కాగితం మీద రాసి ఇవ్వాలి.

డబ్బు పోయినప్పుడు ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయించాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ. సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. కడప సోదరిని వెంటబెట్టుకుని మేం స్టేషనుకు వెళ్లినప్పుడు "మీరే కట్టారు కదమ్మా, వాళ్లేమన్నా లాక్కున్నారా?" అని అడిగారు. అట్టడుగు అక్షరాల గురించి ఇంతకుముందు చెప్పింది ఇందుకే. అక్కడ మేం పట్టుబట్టింది ఇది: కంప్యూటరు ద్వారా మరొకరిగా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం 66డి కింద నేరం, మూడేళ్ల వరకు శిక్ష ఉంది. మోసం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది. సైటు మీద మూడు సింహాల గుర్తు వాడితే 2005 నాటి రాజ్యచిహ్న దుర్వినియోగ నిరోధక చట్టం వేరే ఉంది. లేని షరతు ఉందని చెప్పి ఇంకా డబ్బు అడిగిన ఫోను సంభాషణ అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. కాబట్టి పేజీ ఫోటో, డబ్బు వెళ్లిన మెసేజి, ఫోను చేసిన నంబరు, ఈ మూడూ తీసిపెట్టుకోమని స్త్రీలకు చెప్పండి. పోలీసులు తీసుకోకపోతే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ఫోను 15100. వినియోగదారుల ఫిర్యాదుకు 1915.

కానీ ఒక్కొక్క స్త్రీ వెంట ఒక్కొక్క స్టేషనుకు తిరిగితే ఇది తెమిలే పని కాదు. ప్రభుత్వాన్ని అడగవలసినవి ఉన్నాయి. గ్రామ సచివాలయం గోడ మీద, మీ-సేవ గుమ్మం మీద, తపాలా కార్యాలయంలో ఏ సేవకు ఎంత ఫీజో, ఏది ఉచితమో, ఏ సేవకు భర్త సంతకం అక్కర్లేదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. హెచ్చరికలు సొంత సైటులో పెట్టి ఊరుకోకుండా రేడియోలో, బస్సుల మీద, రేషన్ షాపుల దగ్గర పెట్టాలి. ప్రకటన డబ్బు తీసుకుని దొంగ సైట్లను పైన చూపిస్తున్న కంపెనీలను జవాబుదారీ చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫోనులోకి వెళ్లిపోయిన ప్రతి కిటికీకీ మండలంలో ఒక మనిషి కూర్చునే కిటికీ కూడా ఉంచాలి, అక్కడ ఆడవాళ్లు అడిగితే కసురుకోకుండా చెప్పే మనిషి ఉండాలి. మీ మండలంలో రేట్ల బోర్డు ఉందా లేదా అని సమాచార హక్కు కింద అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయంలో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు. సమాచార హక్కు అర్జీ వేసిపెడతామని వందలు తీసుకునే సైట్లు కూడా ఉన్నాయి, జాగ్రత్త!

ఈ సంచిక మీకు చేరిన నెల రోజుల్లో మీ కేంద్రానికి వచ్చే స్త్రీలను ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఏడాదిలో ఏ ప్రభుత్వ కాగితం కోసం, ఎవరికి, ఎంత కట్టారు? పేర్లు వద్దు, సేవ పేరు, కట్టిన మొత్తం, అసలు ఫీజు, అడిగిన షరతులు రాసి పంపండి. ముఖ్యంగా ఆ షరతులు. భర్త సంతకం, తండ్రి పేరు, అత్తగారి ఇంటి చిరునామా, పెళ్లి ఫోటో... ఎక్కడెక్కడ ఏమేమి అడుగుతున్నారో చూడాలి. అన్నీ కలిపి పాస్‌పోర్టు అధికారులకు, రెండు రాష్ట్రాల మహిళా కమిషన్లకు మహజరు ఇద్దామనుకుంటున్నాం.

కడప సోదరి అసలు సైటులో విడిగా ఉంటున్నానని రాసి అర్జీ పెట్టుకుంది. తన వేలితోనే నొక్కింది. రెండు గంటలు పట్టింది. 1,500 కట్టింది. కొడుకు విషయంలో గృహహింస చట్టం కింద రక్షణాధికారికి అర్జీ ఇచ్చాం. ముందు కట్టిన మూడు వేల అయిదు వందలు ఇంకా తిరిగి రాలేదు. ఫిర్యాదు నంబరు మా దగ్గర ఉంది, ఏమైందో వచ్చే సంచికలో రాస్తాం.